కలుపును మించి ఎదిగే గోధుమ: రకం ఎంపిక నుంచి కోత దాకా

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాల్క్ అనే గోధుమ పొలం ఉంది. 1843లో అక్కడ మొదలైన ప్రయోగం నేటికీ సాగుతోంది. 1882లో ఆ పొలం ఒక చివర కొంత మేర పైరును కోయకుండా వదిలేశారు, ఆ నేలను మళ్లీ దున్నలేదు. రాలిన గింజల నుంచి గోధుమ తనంతట తాను మొలిచి కలుపు మధ్య నిలుస్తుందా అన్నది వారు చూడదలచిన విషయం. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ మిగిలినవి గిడసబారిన కొద్ది మొక్కలు మాత్రమే, అవి సాగు గోధుమ అని పోల్చుకోవడమే కష్టమైంది. ఇప్పుడు ఆ చోట కొంత భాగంలో పెద్ద చెట్లతో నిండిన అడవి ఉంది.

వేల ఏళ్లుగా మనిషి సంరక్షణలో పెరిగిన గోధుమ ఒంటరిగా వదిలితే కలుపు ముందు నిలవలేదని ఆ చిన్న తునక చూపింది. అయితే సరైన రకాన్ని సరైన సమయంలో, సరైన ఒత్తుగా విత్తినప్పుడు ఇదే గోధుమ కలుపును నీడలో ఉంచి బలహీనపరచగలదు. అది చాలావరకు మొదటి ఐదారు వారాల్లోనే తేలిపోతుంది. కాంతి కోసం జరిగే పోటీలో పైన ఉన్న ఆకు కింది ఆకుకు అందవలసిన వెలుగును ఆపేస్తుంది కాబట్టి, నాలుగు రోజులు ముందు లేచిన మొక్కకు దక్కే లాభం రోజురోజుకూ పెరుగుతూ పోతుంది. నేల లోపల నీటికీ పోషకాలకూ జరిగే పోటీ ఇంత ఏకపక్షంగా ఉండదు. అందువల్ల కింద చెప్పే పద్ధతులలో చాలావాటి ఉద్దేశం ఒక్కటే: గోధుమ ఆకు నేలను కలుపు కంటే ముందుగా కప్పాలి.

కలుపు మందులు ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడిగేవారు ఉంటారు. ఆస్ట్రేలియాలో రైగ్రాస్ అనే కలుపు గడ్డి ఆ మందులను తట్టుకుంటున్నట్లు 1982లోనే నమోదైంది. 1990ల తొలినాళ్లలో ఉత్తర భారతదేశపు గోధుమ పొలాల్లో ఫలారిస్ మైనర్ అనే కలుపు గడ్డి ఐసోప్రొట్యూరాన్ అనే మందుకు లొంగడం మానేసింది. ఐరోపాలో బ్లాక్‌గ్రాస్ అనే మరో కలుపు గడ్డి ఒకటి తర్వాత ఒకటిగా అనేక మందులను తట్టుకునే స్థితికి వచ్చింది. మందు వాడే పొలంలోనూ బలమైన పైరు అవసరమే. మందును తప్పించుకున్న కలుపు మొక్క పైరు నీడలో పెరిగితే కొద్ది గింజలే కాస్తుంది, పలుచని పైరులో పెరిగితే అదే మొక్క వందలాది గింజలు రాలుస్తుంది. ఆ గింజలలో మందును తట్టుకునే గుణం ఉండే అవకాశం ఎక్కువ.

ఓర్చుకోవడం వేరు, అణచడం వేరు

రకాలను పరిశీలించే ముందు ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. కొన్ని గోధుమ రకాలు చుట్టూ కలుపు ఉన్నా దిగుబడిని పెద్దగా కోల్పోవు, దీన్ని ఓర్పు అనవచ్చు. మరికొన్ని కలుపు ఎదుగుదలనే తగ్గిస్తాయి, ఇది అణచివేత. ఈ రెండు గుణాలు ఒకే రకంలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఓర్పు మాత్రమే ఉన్న రకం ఈ ఏడాది దిగుబడిని కాపాడుతుంది, కానీ దాని మధ్య పెరిగిన కలుపు స్వేచ్ఛగా గింజలు రాలుస్తుంది కాబట్టి ఆ భారం వచ్చే ఏటి పంట మోయాలి. అణచివేత గుణం ఉన్న రకం నేలలోని కలుపు గింజల నిల్వను ఏటేటా తగ్గిస్తుంది. రెండూ కావలసినవే, అయినా ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే అణచివేతకే మొగ్గు చూపమంటాను.

రకాన్ని ఎంచుకోవడం, పొలంలోనే పరీక్షించడం

కలుపును అణచగల రకానికి కొన్ని పోలికలు ఉంటాయి. మొలక త్వరగా, ఒకే సమయంలో బయటకు వస్తుంది. మొదటి రెండు ఆకులు వెడల్పుగా ఉంటాయి. తొలి దశలో ఆకులు నిటారుగా నిలబడకుండా పక్కలకు వాలి సాళ్ల మధ్య నేలను కప్పుతాయి. పిలకలు త్వరగా, ఎక్కువగా వస్తాయి. కాండం సాగే దశ నుంచి మొక్క మరీ పొట్టిగా ఉండదు. ఎత్తు ఒక్కటే చూసి రకాన్ని నిర్ణయించడం పొరపాటు, ఎందుకంటే ఎత్తు ప్రభావం చూపే నాటికి తొలి పోటీ దాదాపు ముగిసిపోతుంది. పైగా మరీ ఎత్తైన పైరు గాలివానకు పడిపోతుంది, పడిపోయిన పైరులో కలుపు మళ్లీ తల ఎత్తుతుంది.

రకాల వివరాలు ఇచ్చే పట్టికలలో దిగుబడి, తెగుళ్ల నిరోధకత, నాణ్యత కనిపిస్తాయి కానీ కలుపుతో పోటీపడే శక్తి గురించి సాధారణంగా ఏమీ ఉండదు. ఉన్నా, ఒక ప్రాంతంలో బాగా అణచిన రకం వేరే నేలలో, వేరే వాతావరణంలో అంతగా రాణించకపోవచ్చు. అందుచేత రైతు తన పొలంలో తానే పరీక్షించుకోవడం మేలు, అది కష్టమైన పనేమీ కాదు.

మూడు నాలుగు రకాలను తీసుకుని ఒక్కొక్కదాన్ని విత్తే యంత్రం వెడల్పు ఉన్న పట్టీగా విత్తండి. నేలలో తేడాల వల్ల ఫలితం తప్పుదారి పట్టకుండా, పట్టీల వరుస క్రమాన్ని మారుస్తూ మొత్తం మూడుసార్లు అదే రకాలను మళ్లీ విత్తండి. ప్రతి పట్టీలో సగభాగాన్ని కలుపు లేకుండా శుభ్రంగా ఉంచి, మిగతా సగాన్ని కలుపుతో వదిలేయండి. పొలంలో కలుపు ఒకచోట దట్టంగా, ఒకచోట పలుచగా ఉంటే పోలిక కుదరదు. అప్పుడు పరిశోధకులు చేసినట్లుగా సాగు ఓట్స్‌ను గానీ ఆవాలను గానీ కలుపుకు బదులుగా సమానంగా చల్లవచ్చు. నిజమైన కలుపులా ఇవి నేలలో ఏళ్ల తరబడి నిల్వ ఉండే ప్రమాదం తక్కువ, అయినా గింజ పట్టకముందే వాటిని తీసేయాలి.

మొలకెత్తిన నాలుగు వారాలకు ప్రతి పట్టీని ఒకే ఎత్తు నుంచి, నేరుగా కిందికి చూస్తూ ఫోన్‌తో ఫొటో తీయండి. నేల ఎంత మేర ఆకుపచ్చగా కప్పుకుందో పోల్చడానికి అదే చాలు. పైరు కంకి తీసే సమయంలో అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న చట్రాన్ని కలుపు ఉన్న భాగంలో నాలుగు చోట్ల ఉంచి, లోపలి కలుపును మొదలంటా కోసి ఎండబెట్టి తూచండి. ఆ నాలుగు చట్రాలు కలిసి ఒక చదరపు మీటరు అవుతాయి. కలుపు బరువు తక్కువగా ఉన్న రకం అణచే రకం. శుభ్రమైన సగానికీ కలుపు సగానికీ దిగుబడిలో తేడా తక్కువగా ఉన్న రకం ఓర్చుకునే రకం. ఒక్క ఏడాది ఫలితాన్ని నమ్మి మొత్తం పొలాన్ని మార్చేయవద్దు, కనీసం రెండు పంట కాలాలు చూడండి.

వంగడాల అభివృద్ధిలో ఏం చూడాలి

ఈ గుణం నేటి గోధుమలో ఎందుకు తగ్గిందో తెలిస్తే దాన్ని తిరిగి తెచ్చే దారీ తెలుస్తుంది. జపాన్‌లో 1935లో విడుదలైన నోరిన్-10 అనే పొట్టి రకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాకు చేరింది. అక్కడ ఆర్విల్ వోగెల్, తర్వాత మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ దానిలోని పొట్టితనపు జన్యువులను కొత్త రకాలలోకి తెచ్చారు. ఎరువు ఎక్కువ వేసినా పడిపోని ఆ పైరు ప్రపంచపు ఆహార చరిత్రను మార్చింది, 1970లో బోర్లాగ్‌కు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ మేలును తక్కువ చేయలేము. కానీ ఆ జన్యువులు గిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్‌కు మొక్క స్పందనను తగ్గించడం ద్వారా పనిచేస్తాయి. అందువల్ల కాండంతో పాటు తొలి ఆకుల విస్తీర్ణమూ, మొలకను నేల పైకి తెచ్చే కోలియోప్టైల్ అనే తొడుగు పొడవూ తగ్గుతాయి. పొడవైన పాత రకాలలో 10 సెంటీమీటర్లు దాటే ఆ తొడుగు ఈ పొట్టి రకాలలో సాధారణంగా 6 నుంచి 8 సెంటీమీటర్లకు పరిమితమవుతుంది. నేల వేడిగా ఉంటే ఇంకా కురచబడుతుంది.

దీనికి మార్గం పొడవైన పాత రకాలకు తిరిగి వెళ్లడం కాదు. ఆర్‌హెచ్‌టి-8, ఆర్‌హెచ్‌టి-18 వంటి మరికొన్ని పొట్టితనపు జన్యువులు గిబ్బరెల్లిన్ స్పందనను అలాగే ఉంచి కాండాన్ని తగ్గిస్తాయి, తొడుగు పొడవును అంతగా కుదించవు. వీటిని ఉపయోగించిన రకాలు లోతైన పదునులో విత్తినా బయటకు వస్తాయి, మొదటి నుంచే చురుకుగా పెరుగుతాయి. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు మరో పనీ చేశారు. వేర్వేరు దేశాల గోధుమలలో తొలి ఆకులు వెడల్పుగా ఉన్నవాటిని కలిపి సంకరపరచి, వాటి సంతానంలో మళ్లీ వెడల్పైన ఆకులున్నవాటిని ఏరి, ఈ చక్రాన్ని పలుమార్లు తిప్పారు. అలా వచ్చిన వరుసలు, అంటే ఒకే వంశంగా ఏరి పెంచిన గోధుమలు, మామూలు రకాల కంటే ఎంతో త్వరగా నేలను కప్పాయి. బార్లీ గోధుమ కంటే కలుపును బాగా అణచడానికి దాని పెద్ద పిండమూ పలుచని వెడల్పాటి ఆకులే ముఖ్య కారణాలు. గోధుమలోనూ ఆ దిశగా ఎంపిక సాధ్యమేనని ఈ పని తెలిపింది.

వంగడాల తయారీదారుకు ఎదురయ్యే ఇబ్బంది ఏమిటంటే, వేల వరుసలను కలుపు మధ్య పెంచి పరీక్షించడం ఖర్చుతో కూడుకున్నది, ఫలితమూ నిలకడగా ఉండదు. కాబట్టి తొలి తరాలలో కలుపు లేని మళ్లలోనే ఆకు వెడల్పు, నేలను కప్పే వేగం, పిలకల సంఖ్య వంటి సులువుగా కొలవగల, వారసత్వంగా బాగా వచ్చే గుణాల ఆధారంగా ఏరాలి. కొద్ది వరుసలే మిగిలిన చివరి దశలో మాత్రం వాటిని కలుపు ఉన్న మళ్లలో తప్పనిసరిగా పరీక్షించాలి. ఈ రెండో మెట్టును వదిలేస్తే, కాగితం మీద బాగున్నది పొలంలో నిలవకపోవచ్చు. ఒక హెచ్చరిక కూడా అవసరం: తొలి దశలో ఎక్కువ ఆకు వేసే రకం నీటిని కూడా తొందరగా వాడేస్తుంది. పంట చివర్లో నేల తేమ తప్ప మరో ఆధారం లేని చోట గింజ పట్టే దశకు అది కరవు తెచ్చే ప్రమాదం ఉంది.

గోధుమ వేర్ల నుంచి వెలువడే బెంజాక్సజినాయిడ్లు అనే రసాయనాలు పొరుగు మొక్కల వేర్లను అడ్డుకోగలవు. ఆస్ట్రేలియాలో 50 దేశాలకు చెందిన 453 గోధుమ నమూనాలను రైగ్రాస్‌పై పరీక్షించినప్పుడు, వేరు పెరుగుదలను స్వల్పంగా తగ్గించినవీ, తొంభై శాతం వరకూ తగ్గించినవీ కనిపించాయి. ఇంత వైవిధ్యం ఉండడం ఆశ కలిగించేదే. అయితే అది ప్రయోగశాల ఫలితం, పొలంలో నేలా సూక్ష్మజీవులూ ఆ రసాయనాలను మార్చేస్తాయి. కాబట్టి ఈ గుణాన్ని అదనపు బలంగా చూడాలి తప్ప దానిపైనే ఆధారపడకూడదు.

విత్తే సమయం: ముందు కలుపు పేరు తెలుసుకోండి

ముందు విత్తాలా, ఆలస్యంగా విత్తాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. పొలంలో ఉన్న కలుపును బట్టి అది పూర్తిగా తలకిందులవుతుంది. ఫలారిస్ మైనర్ చల్లని నేలలో బాగా మొలుస్తుంది. నేల ఇంకా కొంత వెచ్చగా ఉండగానే గోధుమను విత్తితే, ఆ గడ్డి లేచే నాటికి పైరు పిలకలు వేసి ముందుంటుంది. దుక్కి చేయకుండా నేరుగా విత్తడం కూడా దీనికి కలిసివస్తుంది, ఎందుకంటే నేలను కదిలించని చోట ఈ కలుపు తక్కువగా మొలుస్తుంది. బ్లాక్‌గ్రాస్ విషయం దీనికి విరుద్ధం. దాని మొలకలలో ఎక్కువ భాగం శరదృతువు తొలి భాగంలోనే లేస్తాయి కాబట్టి, వాటిని మొలవనిచ్చి నాశనం చేసి, కొన్ని వారాలు ఆగి గోధుమ విత్తినవారికి మేలు జరుగుతుంది. కలుపు తీవ్రంగా ఉన్న పొలాల్లో కొందరు వసంతంలో విత్తే పంటకే మారతారు.

అందుకే గడ్డి కలుపును మొలక దశలోనే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. గోధుమ ఆకు కాండాన్ని చుట్టుకునే చోట రెండు చిన్న నూగు చెవులు కాండాన్ని పట్టుకుని ఉంటాయి, అడవి ఓట్స్‌కు అవి ఉండవు. ఫలారిస్ మొలక గోధుమను పోలి ఉన్నా దాని మొదలు సాధారణంగా ఎర్రని ఛాయతో ఉంటుంది.

సమయం ఉన్న చోట విత్తడానికి ముందు ఒక తడి ఇచ్చి గానీ వాన కోసం ఆగి గానీ కలుపును మొలిపించి, పైపైన దున్ని గానీ మందుతో గానీ చంపి, ఆ తర్వాత నేలను వీలైనంత తక్కువగా కదిలిస్తూ విత్తడం ఏ కలుపుకైనా పనికొస్తుంది.

ఎంత ఒత్తుగా, ఎంత దగ్గరగా

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదేనని నా నమ్మకం. ఆస్ట్రేలియాలోని తక్కువ వర్షపాత ప్రాంతాల్లో జరిగిన పరిశోధనలో, చదరపు మీటరుకు గోధుమ మొక్కలను 100 నుంచి 200కు పెంచినప్పుడు రైగ్రాస్ బరువు దాదాపు సగానికి తగ్గింది. సాంద్రత పెరిగేకొద్దీ అదనపు లాభం తగ్గుతూ వస్తుంది, కాబట్టి పలుచగా విత్తే అలవాటు ఉన్నవారికే దీనివల్ల ఎక్కువ మేలు.

విత్తన మోతాదును కిలోలలో కాక మొక్కలలో లెక్కించాలి. చదరపు మీటరుకు కావలసిన మొక్కల సంఖ్యను వేయి గింజల బరువుతో గుణించి, 100తో భాగించి, మొలిచి నిలిచే వాటా భిన్నంతో మళ్లీ భాగిస్తే హెక్టారుకు కావలసిన కిలోలు వస్తాయి. 250 మొక్కలు కావాలి, వేయి గింజల బరువు 40 గ్రాములు, నూటికి 80 గింజలు మొక్కలవుతాయి అనుకుందాం. అప్పుడు 250ని 40తో గుణిస్తే 10,000, 100తో భాగిస్తే 100, దాన్ని 0.8తో భాగిస్తే 125 కిలోలు. అదే 125 కిలోలు వేసిన రైతు గింజ బరువు 50 గ్రాములైతే 200 మొక్కలే పొందుతాడు. ఏటా ఒకే మోతాదు వేస్తూ ఒక ఏడాది కలుపు ఎందుకు పెరిగిందని ఆశ్చర్యపోయేవారిలో కొందరికి కారణం ఇదే కావచ్చు.

విత్తనం బరువైనదిగా, ఒకే పరిమాణంలో ఉండాలి. పెద్ద గింజలో పిండమూ ఆహారమూ ఎక్కువ కాబట్టి మొలక బలంగా వస్తుంది. విత్తనాన్ని జల్లెడ పట్టినప్పుడు నలిగిన గింజలతో పాటు కలుపు గింజలూ పోతాయి. సొంత విత్తనం వాడేవారు ఈ ఒక్క పనిని ఎన్నడూ మానకూడదు. లోతు 4 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య, అంతటా సమానంగా ఉండేలా యంత్రాన్ని సరిచేసుకోండి. లోతు తేడాగా ఉంటే మొలకలు రోజుల తేడాతో లేస్తాయి, ఆ వ్యవధిని కలుపు వాడుకుంటుంది.

సాళ్ల మధ్య దూరం తగ్గేకొద్దీ నేల త్వరగా కప్పుకుంటుంది. 30 సెంటీమీటర్ల సాళ్లలో మొక్కలు సాలులో ఒకదానితో ఒకటి పోటీపడుతూ, మధ్యలో ఖాళీని కలుపుకు వదులుతాయి. అదే విత్తనాన్ని 15 నుంచి 18 సెంటీమీటర్ల దూరంలో వేస్తే ఆ ఖాళీ తగ్గుతుంది. డెన్మార్క్ పరిశోధకులు మొక్కలను సాళ్లుగా కాక నలువైపులా సమాన దూరంలో ఉంచి, సాంద్రతను కూడా పెంచి చూసినప్పుడు, ఆ రెండూ కలిసినచోటే కలుపు బాగా తగ్గింది. గింజలను అంత సమానంగా పరిచే యంత్రం అందరి దగ్గరా ఉండదు. సగం విత్తనాన్ని ఒక దిశలో, మిగతా సగాన్ని దానికి అడ్డంగా విత్తితే కొంతవరకు అదే లాభం వస్తుంది, అయితే ఇంధనమూ నేల కదలికా పెరుగుతాయి.

సాళ్ల దిశకు ఖర్చే లేదు. పంట కాలంలో సూర్యుడు ఆకాశంలో కిందుగా ఉండే అక్షాంశాలలో తూర్పు పడమరలుగా సాళ్లు వేస్తే, పైరు నీడ రోజంతా సాళ్ల మధ్యనే పడుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2002 నుంచి 2005 వరకు జరిగిన ప్రయోగాలలో ఈ ఒక్క మార్పు గోధుమలో కలుపు బరువును దాదాపు సగానికి తగ్గించింది. భూమధ్యరేఖకు దగ్గరవుతున్న కొద్దీ ఈ లాభం తగ్గుతుంది, వాలు నేలలో మట్టి కొట్టుకుపోయే ప్రమాదాన్ని చూశాకే దిశను మార్చాలి.

ఎరువు, తడి, దంతె

ఎరువును పొలమంతా చల్లితే సాళ్ల మధ్య ఉన్న కలుపుకూ తిండి పెట్టినట్లే. విత్తనానికి కొద్దిగా పక్కగా, కిందుగా పడేలా వేస్తే గోధుమ వేరుకే ముందు అందుతుంది. యూరియా మాత్రం గింజను తాకకూడదు, తాకితే మొలక దెబ్బతింటుంది. తడి పెట్టే పొలాల్లో విత్తిన 20 నుంచి 25 రోజులకు ఇచ్చే మొదటి తడితో మరో విడత కలుపు లేస్తుంది. ఆ తడికి ముందే మొలిచిన కలుపును తీసేస్తే, తర్వాత వచ్చేది పైరు నీడలోనే లేవవలసి వస్తుంది.

స్ప్రింగు పళ్ల దంతెతో కలుపు తీసేవారు దాన్ని తెల్ల దారంలా ఉన్న దశలోనే పెకలించాలి. గోధుమ నేల పైకి రాకముందు ఒకసారి, మూడు ఆకులు వేశాక మరోసారి దంతె నడపవచ్చు. మధ్యలో నడిపితే లేత మొలకలు మట్టిలో పూడిపోతాయి. వేళ్లూనిన గడ్డిని దంతె కదిలించలేదు.

గింజ రాలకుండా చూడడం

పంట కోత వేళ చేయవలసిన పని కలుపును బట్టి మారుతుంది. రైగ్రాస్ గింజలలో ఎక్కువ భాగం గోధుమ కోత దాకా మొక్క మీదే ఉంటాయి, అవి కోత యంత్రంలోకి వెళ్లి పొట్టుతో బయటకు వస్తాయి. ఆ పొట్టును పొలమంతా వెదజల్లకుండా సన్నని వరుసలుగా వదలడం, సేకరించడం, లేదా ఆస్ట్రేలియా రైతు రే హారింగ్టన్ రూపొందించిన యంత్రం తరహాలో పొట్టులోని గింజలను నలగగొట్టడం ద్వారా వాటిని నాశనం చేయవచ్చు. అడవి ఓట్స్, ఫలారిస్ మాత్రం కోతకు ముందే చాలా గింజలు రాల్చేస్తాయి కాబట్టి ఈ పద్ధతులు వాటిపై అంతగా పనిచేయవు. వీటి కంకులు పైరులో కనిపించిన వెంటనే, గింజ ముదరకముందే మొక్కతో సహా పీకి సంచిలో వేసి పొలం బయటకు తీసుకువెళ్లాలి. గట్టు మీద పడేస్తే గింజలు అక్కడే ముదిరి మళ్లీ పొలంలోకి చేరతాయి.

పంట మార్పిడి వల్ల గోధుమ కాలానికి అలవాటుపడిన కలుపు చక్రం తెగుతుంది. బ్లాక్‌గ్రాస్ వంటి గడ్డి గింజల నిల్వ కొత్త గింజలు చేరకపోతే ఏటా 70 నుంచి 80 శాతం తరిగిపోతుంది, కాబట్టి రెండేళ్లు వేరే పంట వేసి కలుపును గింజ పట్టనివ్వకపోతే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

పీకే రోజునే కలుపు ఎక్కడెక్కడ గుంపులుగా ఉందో పొలం పటం గీసి గుర్తు పెట్టుకోండి. వచ్చే విత్తనాల సమయంలో ఆ గుర్తుల దగ్గర సాంద్రతను పెంచి, ఉన్న రకాలలో అన్నిటికంటే త్వరగా నేలను కప్పేదాన్ని అక్కడ వేయండి.